బ్రూస్ క్యాంప్‌బెల్: ఆడని సినిమాలు, ఆగిపోయిన సీరియళ్లు, ఆగని నటుడు

బ్రూస్ క్యాంప్‌బెల్ (జననం: 1958 జూన్ 22) అమెరికా సినీ, టెలివిజన్ నటుడు, నిర్మాత, దర్శకుడు, రచయిత. 'ఈవిల్ డెడ్' వరుస చిత్రాల్లోని యాష్ విలియమ్స్ పాత్ర అతనికి పేరు తెచ్చింది. అతని చిత్రాల జాబితాలో థియేటర్లలో అంతంతమాత్రంగా ఆడి, వీడియో క్యాసెట్లలో, కేబుల్ టీవీలో ప్రాణం పోసుకున్నవే ఎక్కువ. కథానాయకుడిగా చేసిన మూడు టీవీ సీరియళ్లలో ఒక్కటీ 30 ఎపిసోడ్లు దాటలేదు. అయినా నాలుగు దశాబ్దాలకు పైగా అతనికి పని దొరుకుతూనే ఉంది. అగ్రతారల వరుసలో ఎన్నడూ లేడు, మరుగున పడిందీ లేదు. చిన్న సినిమాల నటుడినని తానే చెప్పుకుని, ఆ మాటనే పుస్తకానికి ఉపశీర్షికగా పెట్టుకున్నాడు.

మిషిగన్ కుర్రాళ్లు

క్యాంప్‌బెల్ పుట్టింది మిషిగన్ రాష్ట్రంలోని రాయల్ ఓక్‌లో. డెట్రాయిట్ నగరానికి ఆనుకుని ఉన్న ఊరు అది. తండ్రి రహదారుల పక్కన ప్రకటనల బోర్డులను తనిఖీ చేసే ఉద్యోగి, తీరిక వేళల్లో స్థానిక నాటక సమాజంలో వేషాలు వేసేవాడు. నటన మీద ఇష్టం కొడుక్కి అక్కడి నుంచే వచ్చింది. తర్వాత 'ఈవిల్ డెడ్' దర్శకుడైన శామ్ రైమీ హైస్కూల్లో పరిచయమయ్యాడు. ఇద్దరూ మిత్రులను పోగేసి సూపర్ 8 కెమెరాతో పొట్టి సినిమాలు తీయడం మొదలుపెట్టారు. వాటిలో ఎక్కువ భాగం 'త్రీ స్టూజెస్' తరహా హాస్యం: చెంపదెబ్బలు, జారిపడటాలు, తలమీద పగిలే పింగాణీ పళ్లేలు. తర్వాతి కాలంలో క్యాంప్‌బెల్ నటనలో కనిపించే శరీరభాషకు పునాది అక్కడే పడింది.

కాలేజీ చదువు ఎక్కువ కాలం సాగలేదు. ట్రావర్స్ సిటీలోని వేసవి నాటకశాలలో శిష్యరికం చేశాడు, కొంతకాలం టాక్సీ నడిపాడు. 1970ల చివరికి రైమీ, నిర్మాత రాబర్ట్ ట్యాపర్ట్, క్యాంప్‌బెల్ ముగ్గురూ ఒక నిర్ణయానికి వచ్చారు. పేరున్న నటులు లేకుండా, తక్కువ ఖర్చుతో తీసినా అమ్ముడుపోయేది భయానక చిత్రమే కాబట్టి అదే తీయాలి. ముందుగా సుమారు 1,600 డాలర్లతో 'విదిన్ ద వుడ్స్' అనే అరగంట నమూనా చిత్రం తయారైంది. దాన్ని డెట్రాయిట్ చుట్టుపక్కల దంతవైద్యులకు, లాయర్లకు, వ్యాపారులకు చూపించి పెట్టుబడి అడిగారు.

టెనెస్సీ అడవిలో పాత ఇల్లు

'ది ఈవిల్ డెడ్' చిత్రీకరణ 1979 నవంబరులో టెనెస్సీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ దగ్గర, అడవిలో పాడుబడ్డ ఓ చెక్క ఇంట్లో మొదలైంది. అడవిలో సెలవులు గడపడానికి వెళ్లిన ఐదుగురు యువతీయువకులు ఓ పాత టేపు రికార్డరులోని మంత్రాలు వినడం, నిద్రలేచిన దుష్టశక్తులు ఒక్కొక్కరినీ ఆవహించడం, చివరకు యాష్ ఒక్కడే మిగలడం ఇందులోని కథ. ఆరు వారాల్లో అయిపోతుందనుకున్న పని అంతకు రెట్టింపు పట్టింది. చలి పెరిగింది, డబ్బు తరిగింది, నటీనటుల్లో చాలామంది ఇంటిముఖం పట్టారు. మిగిలిన షాట్లలో వాళ్ల చేతులకు, కాళ్లకు, వీపులకు బదులు యూనిట్ సభ్యులే నిలబడ్డారు.

ఈ సినిమాలో రక్తం మొక్కజొన్న సిరప్, రంగు, కాఫీలో కలిపే పాలపొడితో తయారైంది. క్యాంప్‌బెల్ వారాల తరబడి ఆ జిగురులోనే మునిగితేలాడు. చొక్కా ఎండితే అట్టలా బిగుసుకుపోయేది. నేలబారుగా దూసుకొచ్చే దెయ్యం చూపు కోసం కెమెరాను చెక్క పలకకు బిగించి, రెండు కొసలా ఇద్దరు పట్టుకుని అడవిలో పరుగెత్తారు. ఖరీదైన పరికరాలు కొనలేక కనిపెట్టిన ఈ ఉపాయమే తర్వాత రైమీ ముద్రగా స్థిరపడింది. క్యాంప్‌బెల్ కాలు బెణికి కుంటుతుంటే నొప్పి సహజంగా కనిపించాలని రైమీ ఆ గాయాన్నే పుల్లతో పొడిచిన సంగతి ఇద్దరూ నవ్వుతూ చెప్పుకునే కథల్లో ఒకటి.

నటన ఒక్కటే అతని వాటా కాదు. 16 ఎంఎం ఫిల్మును థియేటర్లకు పనికొచ్చే 35 ఎంఎంకి పెంచేందుకు డబ్బు చాలనప్పుడు ఉత్తర మిషిగన్‌లోని కుటుంబ ఆస్తిని క్యాంప్‌బెల్ హామీగా పెట్టాడు. టైటిల్స్‌లో అతని పేరు నిర్మాతల వరుసలోనూ కనిపించడానికి కారణమదే. మొత్తం ఖర్చు సుమారు మూడు లక్షల డెబ్బై ఐదు వేల డాలర్లు.

1981 అక్టోబరు 15న డెట్రాయిట్‌లోని రెడ్‌ఫర్డ్ థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగింది. చిన్నప్పుడు క్యాంప్‌బెల్ సినిమాలు చూసిన హాలు అది. జడుసుకునే ప్రేక్షకుల కోసమంటూ బయట అంబులెన్సును నిలబెట్టి ప్రచారం చేశారు. ఆ తర్వాత కాన్ చిత్రోత్సవంలో దీన్ని చూసిన నవలాకారుడు స్టీఫెన్ కింగ్ మెచ్చుకుంటూ రాయడంతో సినిమా దశ తిరిగింది. 1983లో న్యూ లైన్ సినిమా సంస్థ అమెరికాలో విడుదల చేసింది. బ్రిటన్‌లో వీడియో క్యాసెట్లుగా బాగా అమ్ముడైంది, ఆపై అశ్లీల, హింసాత్మక వీడియోలపై సాగిన ఉద్యమంలో నిషిద్ధ జాబితాకెక్కింది. ఒక్క కోత కూడా లేని ప్రతి అక్కడ చట్టబద్ధంగా రావడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. నిషేధం సినిమాను చంపకపోగా, ఎలాగైనా చూసి తీరాలన్న పంతాన్ని పెంచింది.

చెయ్యి తెగిన కథానాయకుడు

తర్వాతి మెట్టు మాత్రం జారింది. సినీ దర్శకులైన కోయెన్ సోదరులతో కలిసి రాసిన 'క్రైమ్‌వేవ్' (1985)లో రైమీ తన మిత్రుడినే హీరోగా అనుకున్నాడు. స్టూడియో ఒప్పుకోలేదు. క్యాంప్‌బెల్ చిన్న వేషంతో సరిపెట్టుకున్నాడు. సినిమా నిలబడలేదు. ఇదే అనుభవం 'డార్క్‌మ్యాన్' (1990)తో మళ్లీ ఎదురైంది. రైమీ కోరుకున్నది క్యాంప్‌బెల్‌ను, స్టూడియో తీసుకున్నది లియామ్ నీసన్‌ను. ఆ చిత్రం ఆఖరి షాట్‌లో జనంలోకి నడిచి వెళ్లే మనిషి మాత్రం క్యాంప్‌బెల్.

ఈ రెంటి నడుమ వచ్చిన 'ఈవిల్ డెడ్ 2' (1987) అతని నటనకు అసలైన గీటురాయి. స్టీఫెన్ కింగ్ సిఫారసుతో నిర్మాత డీనో డి లారెంటిస్ పెట్టుబడి పెట్టాడు. నార్త్ కరోలినాలోని వేడ్స్‌బరోలో చిత్రీకరించారు. మొదటి భాగంలో యాష్ బెదిరిపోయే కుర్రాడు. రెండో భాగంలో అతని కుడిచెయ్యికే దెయ్యం పడుతుంది. ఆ చెయ్యి యజమాని ముఖాన పిడిగుద్దులు గుద్దుతుంది, నెత్తిన పళ్లేలు పగలగొడుతుంది, జుట్టు పట్టి నేలకేసి కొడుతుంది. ఎదుట ఎవరూ లేకుండా, తన చేతితో తానే ఒళ్లు హూనమయ్యేలా పోరాడే ఆ సన్నివేశంలో భయం, హాస్యం విడదీయరానంతగా కలిసిపోతాయి. చివరకు యాష్ ఆ చేతిని మోటారు రంపంతో నరికేసుకుని, మొండిచేతికి అదే రంపం తగిలించుకుంటాడు. మంత్రగ్రంథాలతో నడిచే కథలో స్కూలు పిల్లల అల్లరి హాస్యం ఇమడగలదని నిరూపించింది ఈ నటనే.

మూడో భాగం 'ఆర్మీ ఆఫ్ డార్క్‌నెస్' యాష్‌ను మధ్యయుగాల్లోకి విసిరింది. అస్థిపంజరాల సైన్యం, కోట ముట్టడి, హీరోలో సగం ధైర్యం, సగం డాంబికం. నిర్మాత డి లారెంటిస్‌కూ యూనివర్సల్ స్టూడియోకూ మధ్య వేరే సినిమా హక్కుల మీద నడిచిన తగాదాతో విడుదల ఆలస్యమై, అమెరికాలో 1993 ఫిబ్రవరిలో వచ్చింది. రైమీ తీసిన మొదటి ముగింపులో, తన కాలం దాకా నిద్రపుచ్చే మందు చుక్కలు ఎక్కువ మింగిన యాష్ శతాబ్దాలు అదనంగా నిద్రపోయి, నాశనమైన లోకంలో మేల్కొంటాడు. నమూనా ప్రదర్శనల్లో అది రుచించకపోవడంతో సూపర్‌మార్కెట్‌లో జరిగే కొత్త ముగింపు తీశారు. అమెరికాలో వచ్చిన వసూళ్లు నిర్మాణ ఖర్చు అయిన సుమారు కోటీ పది లక్షల డాలర్లకు అటూ ఇటుగా ఆగాయి. అప్పటి లెక్కల్లో అది పరాజయమే. యాష్ పలికిన డాంబికపు డైలాగులు మాత్రం జనం నోళ్లలో నాని, 1996లో వచ్చిన 'డ్యూక్ న్యూకెమ్ 3డి' వీడియో గేమ్‌లోకి కూడా ఎక్కాయి.

అదే కాలంలో క్యాంప్‌బెల్ చేసిన 'మేనియాక్ కాప్' (1988), 'మూన్‌ట్రాప్' (1989), 'సన్‌డౌన్: ద వాంపైర్ ఇన్ రిట్రీట్' (1989) వంటివి నేరుగా వీడియో దుకాణాల అరలు చేరినవో, థియేటర్లలో కొద్దిరోజులే నిలిచినవో. వీటిలో పాత్రల లోతు తక్కువ. అద్దె కట్టడానికి చేసిన సినిమాల గురించి అతను దాపరికం లేకుండానే రాశాడు.

ఒక్క సీజన్ కౌబాయ్

1993 ఆగస్టు 27న ఫాక్స్ చానల్ 'ది అడ్వెంచర్స్ ఆఫ్ బ్రిస్కో కౌంటీ జూనియర్'ను ప్రారంభించింది. జెఫ్రీ బోమ్, కార్ల్‌టన్ క్యూజ్ దీని సృష్టికర్తలు. కథాకాలం 1893. హార్వర్డ్‌లో లా చదివిన హీరో బ్రిస్కో (క్యాంప్‌బెల్), తండ్రిని చంపిన ముఠాను పట్టుకునే వేటగాడిగా మారతాడు. గుర్రాలు, తుపాకులతో పాటు ఇందులో రాకెట్లు, వింత యంత్రాలు, భవిష్యత్తు నుంచి వచ్చిన బంగారు గోళం కూడా ఉంటాయి. ఆడిషన్‌లో క్యాంప్‌బెల్ నిలబడ్డచోటే గాలిలో పిల్లిమొగ్గ వేశాడు. పై అధికారులకు చూపించడానికి దాన్ని మళ్లీ మళ్లీ వేయించారు.

తోటి వేటగాడు లార్డ్ బౌలర్‌గా జూలియస్ క్యారీ, లాయర్ సోక్రటీస్ పూల్‌గా క్రిస్టియన్ క్లెమెన్‌సన్, శాస్త్రవేత్తగా జాన్ ఆస్టిన్ నటించారు. హాస్యాన్ని, సాహసాన్ని, సైన్స్ ఫిక్షన్‌ను ఒకే గంటలో కుదర్చడం ఆనాటి టీవీకి కొత్త. విమర్శకులు మెచ్చారు. ప్రేక్షకులు తగినంతమంది రాలేదు. శుక్రవారం రాత్రి 8 గంటలకు, యువత ఇళ్లలో ఉండని వేళలో ప్రసారం కావడం ఒక అడ్డంకి. కౌబాయ్ కథ కోసం వచ్చినవారికి బంగారు గోళం, సైన్స్ ఫిక్షన్ కోసం వచ్చినవారికి గుర్రాలు అడ్డుతగలడం మరొకటి. సీరియల్ 27 ఎపిసోడ్లతో 1994 మే 20న ముగిసింది.

శుక్రవారాల్లో బ్రిస్కో వెనకే, అదే చానల్‌లో రాత్రి 9 గంటలకు మరో కొత్త సీరియల్ వచ్చేది. దాని మీద చానల్‌కు పెద్దగా ఆశల్లేవు. ఆశలన్నీ బ్రిస్కో మీదే. ఆ రెండో సీరియల్ పేరు 'ది ఎక్స్-ఫైల్స్', 2002 దాకా ఏకధాటిగా నడిచింది. 1999లో దానిలోనే ఓ ఎపిసోడ్‌లో, మామూలు మనిషిలాంటి బిడ్డ కోసం తపించే రాక్షసుడిగా క్యాంప్‌బెల్ నటించాడు. చివరి సీజన్ల కొత్త ఏజెంట్ డాగెట్ పాత్రకు పరిశీలించిన నటుల్లోనూ అతని పేరుంది. పాత్ర రాబర్ట్ ప్యాట్రిక్‌కు దక్కింది. బ్రిస్కో కోసం ర్యాండీ ఎడెల్‌మన్ కట్టిన సంగీతం మాత్రం సీరియల్‌ను దాటి బతికింది. ఎన్‌బీసీ చానల్ తన క్రీడా ప్రసారాల్లో, ఒలింపిక్స్‌తో సహా, దాన్ని ఏళ్ల తరబడి వాడుకుంది.

అమెరికా టీవీ వ్యాపారంలో ఆ రోజుల్లో వంద ఎపిసోడ్లు ఒక గీత. ఆ సంఖ్య దగ్గరకు చేరిన సీరియల్‌ను స్థానిక చానళ్లకు రోజువారీ పునఃప్రసారానికి అమ్మవచ్చు, నిర్మాతకు అసలు లాభం అక్కడే. 27 ఎపిసోడ్ల దగ్గర ఆగినదానికి ఆ మార్గం మూసుకుపోయినట్టే. బ్రిస్కో కేబుల్ చానల్ టీఎన్‌టీలో తిరిగి ప్రసారమై, 2006లో డీవీడీగా వచ్చి కొత్త ప్రేక్షకులను చేరింది.

న్యూజిలాండ్ దొంగ, పులావ్-పులావ్ గూఢచారి

రైమీ, ట్యాపర్ట్ న్యూజిలాండ్‌లో తీయించిన 'హెర్క్యులీజ్', 'జీనా: వారియర్ ప్రిన్సెస్' సీరియళ్లలో దొంగల రాజు ఆటోలికస్‌గా క్యాంప్‌బెల్ వచ్చిపోతుండేవాడు. 'జీనా'లోని 'ది క్వెస్ట్' (1997) ఎపిసోడ్‌లో వీరనారి ఆత్మ ఈ దొంగ శరీరంలో దూరుతుంది. నడక, చూపు, చేతుల కదలిక మార్చి ఒకే దేహంలో ఇద్దరిని చూపించాడు. ఈ సీరియళ్లలో కొన్ని ఎపిసోడ్లకు దర్శకత్వమూ వహించాడు.

ఆ బృందమే 2000 జనవరిలో అతన్ని మళ్లీ హీరోను చేసింది. 'జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్' అరగంట హాస్య సాహస గాథ. 1801లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్, తూర్పు ఇండీస్‌లోని పులావ్-పులావ్ అనే కల్పిత ద్వీపానికి జాక్ స్టైల్స్ అనే గూఢచారిని పంపుతాడు. అక్కడ పగలు ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఎమీలియా (ఏంజెలా డాచిన్) ఇంట్లో సహాయకుడి వేషం, రాత్రి ముసుగువీరుడి వేషం. నెపోలియన్‌గా పొట్టి నటుడు వెర్న్ ట్రాయర్ కనిపిస్తాడు. చరిత్రను ఆటపట్టించడమే దీని పని. ఇది ఒక జాతీయ నెట్‌వర్క్‌లో కాక, స్థానిక చానళ్లకు విడివిడిగా అమ్మే పద్ధతిలో ప్రసారమైంది. ఏ ఊళ్లో ఏ వేళకు వస్తుందో ప్రేక్షకుడే వెతుక్కోవాలి. 22 ఎపిసోడ్ల తర్వాత, రెండో సీజన్ మధ్యలోనే, అదే ఏడాది డిసెంబరులో ఆగింది.

వృద్ధాశ్రమంలో ఎల్విస్

2002లో వచ్చిన 'బబ్బా హో-టెప్' అతని చిన్న చిత్రాల్లో మకుటాయమానం. జో ఆర్. లాన్స్‌డేల్ కథ ఆధారంగా డాన్ కాస్కరెల్లి తీశాడు. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ చనిపోలేదని, టెక్సస్‌లోని ఓ వృద్ధాశ్రమంలో అనామకంగా మంచాన పడి ఉన్నాడని ఊహ. పక్క గదిలోని నల్లజాతి వృద్ధుడు (ఒస్సీ డేవిస్) తానే అధ్యక్షుడు కెన్నెడీనని నమ్ముతుంటాడు. ముసలివాళ్ల ఆత్మలను పీల్చే ఈజిప్టు మమ్మీతో వీళ్లిద్దరూ తలపడతారు.

వింటే నవ్వొచ్చే కథ. క్యాంప్‌బెల్ దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. నడుం వంగిన నడక, చచ్చుబడుతున్న శరీరం మీద కోపం, వదిలేసిన కూతురి కోసం పశ్చాత్తాపం, వీటన్నిటినీ నిగ్రహంతో చూపించాడు. పెద్ద పంపిణీదారు ముందుకు రాకపోతే కాస్కరెల్లి కొద్ది ప్రింట్లతో ఊరూరా తిప్పి ఆడించాడు. యాష్ ఒక్కటే అతనికి తెలిసిన విద్య అనుకున్నవారికి ఈ సినిమా సమాధానం.

పెద్ద సినిమాల్లో చిన్న వేషాలు

తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది పేరు తెలియకుండానే ఇతన్ని చూశారు. తెలుగులోకి అనువాదమై వచ్చిన 'స్పైడర్‌మాన్' (2002)లో కుస్తీ పోటీ వ్యాఖ్యాత అతనే. పీటర్ పార్కర్ తనకు తాను పెట్టుకున్న నీరసమైన పేరును పక్కనపెట్టి 'స్పైడర్‌మాన్' అని ప్రకటించేది ఆ వ్యాఖ్యాతే. రెండో భాగంలో ఆలస్యంగా వచ్చిన పీటర్‌ను నాటకశాలలోకి వెళ్లనివ్వని ఉద్యోగి, మూడో భాగంలో ఫ్రెంచ్ యాసతో హడావుడి చేసే రెస్టారెంట్ నిర్వాహకుడు కూడా క్యాంప్‌బెల్. రైమీ 2022లో తీసిన 'డాక్టర్ స్ట్రేంజ్ ఇన్ ద మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'లో మంత్రం తగిలి తన చేత్తో తానే కొట్టుకునే తినుబండారాల వ్యాపారి వేషం కట్టాడు. 'ఈవిల్ డెడ్ 2' తెలిసినవారికి ఆ కొట్టుకోవడం ఎక్కడిదో చెప్పనక్కర్లేదు.

కోయెన్ సోదరుల 'ఫార్గో' (1996)లో టీవీ తెర మీద క్షణకాలం కనిపిస్తాడు. ఆ పేరుతోనే వచ్చిన టీవీ సీరియల్ రెండో సీజన్ (2015)లో ఏకంగా రొనాల్డ్ రేగన్‌గా నటించాడు. జాన్ కార్పెంటర్ తీసిన 'ఎస్కేప్ ఫ్రమ్ ఎల్.ఏ.' (1996)లో వికృతమైన ప్లాస్టిక్ సర్జన్‌గా గుర్తుపట్టలేని మేకప్‌లో ఉంటాడు. 'క్లౌడీ విత్ ఎ ఛాన్స్ ఆఫ్ మీట్‌బాల్స్' (2009)లో తిండిపోతు మేయర్‌కు, 'కార్స్ 2' (2011)లో ఓ గూఢచారి కారుకు గొంతు ఇచ్చాడు.

రెండో స్థానంలో దక్కిన విజయం

హీరోగా దక్కని నిలకడ సహాయపాత్రలో దొరికింది. 2007 జూన్‌లో యూఎస్ఏ నెట్‌వర్క్‌లో మొదలైన 'బర్న్ నోటీస్'లో కథానాయకుడు జెఫ్రీ డొనోవన్. ఉద్యోగం ఊడిన గూఢచారి మయామీలో బతుకు వెళ్లదీసే కథ. అతని మిత్రుడు, మాజీ నౌకాదళ కమాండో శామ్ యాక్స్‌గా క్యాంప్‌బెల్ వేశాడు. పూల చొక్కా, చేతిలో బీరు సీసా, అవసరమైనప్పుడల్లా చక్ ఫిన్లీ అనే దొంగపేరు. ఆ పేరు నిజానికి ఓ బేస్‌బాల్ క్రీడాకారుడిది.

సీరియల్ ఏడు సీజన్లు, 111 ఎపిసోడ్లు నడిచి 2013 సెప్టెంబరులో ముగిసింది. ఈ పాత్రకున్న ఆదరణ చూసి 2011లో 'ది ఫాల్ ఆఫ్ శామ్ యాక్స్' అనే టీవీ చిత్రం కూడా తీశారు. బ్రిస్కో, జాక్ పాత్రల్లో ఉన్న వెటకారమే ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే, కథ బరువు మోసే పని వేరొకరిది. మొత్తం సీరియల్‌ను నెత్తికెత్తుకున్నప్పుడు కొందరికే నచ్చిన ధోరణి, తగిన మోతాదులో వచ్చేసరికి లక్షలాది ఇళ్లకు చేరింది.

పుస్తకాలు, దర్శకత్వం

2001లో వచ్చిన ఆత్మకథ 'ఇఫ్ చిన్స్ కుడ్ కిల్: కన్ఫెషన్స్ ఆఫ్ ఎ బి మూవీ యాక్టర్' న్యూయార్క్ టైమ్స్ అమ్మకాల జాబితాలో నిలిచింది. శీర్షికలోని గడ్డం మాట తన పెద్ద దవడ మీద తానే వేసుకున్న వ్యంగ్యం. తారల ఆత్మకథల్లో సాధారణంగా కనిపించే విజయగాథ ఇందులో లేదు. పెట్టుబడిదారుల్ని ఒప్పించడం, ఆడిషన్లలో తిరస్కారం, రద్దయిన సీరియళ్లు, ఇవే అధ్యాయాలు. దీని కొనసాగింపు 2017లో వచ్చింది. మధ్యలో ఓ హాస్య నవల కూడా రాశాడు.

దర్శకుడిగా అతని పనితనం మిశ్రమం. బల్గేరియాలో తీసిన 'మ్యాన్ విత్ ద స్క్రీమింగ్ బ్రెయిన్' (2005) ఊహ బాగున్నా తడబడిన చిత్రం. 'మై నేమ్ ఈజ్ బ్రూస్'లో అభిమానులు తనను నిజమైన రాక్షస సంహారిగా పొరబడి ఎత్తుకుపోతారు. తన పేరుతోనే పిరికి, తాగుబోతు నటుడిగా నటించి తన ప్రతిష్ఠనే ఎగతాళి చేశాడు. దీన్ని చాలావరకు తాను నివసించే ఒరెగాన్ రాష్ట్రంలోని సొంత స్థలంలోనే చిత్రీకరించాడు.

మళ్లీ రంపం

2013లో 'ఈవిల్ డెడ్' కొత్త నటులతో మళ్లీ తెరకెక్కినప్పుడు క్యాంప్‌బెల్ నిర్మాతల్లో ఒకడు. ఆ ఉత్సాహంతో 2015 అక్టోబరు 31న, హాలోవీన్ రాత్రి, స్టార్జ్ చానల్‌లో 'యాష్ వర్సెస్ ఈవిల్ డెడ్' మొదలైంది. తొలి ఎపిసోడ్ రైమీ దర్శకత్వంలోనే వచ్చింది. తొలి సన్నివేశంలో యాష్ పొట్ట కనిపించకుండా బిగుతు పట్టీ కట్టుకుంటూ దర్శనమిస్తాడు. ముప్పై ఏళ్లలో వయసు పెరిగింది, బుద్ధి పెరగలేదు. హక్కులు యూనివర్సల్ దగ్గర ఉండటంతో మొదటి సీజన్‌లో 'ఆర్మీ ఆఫ్ డార్క్‌నెస్' సంఘటనల ఊసెత్తడం కుదరలేదు. రే శాంటియాగో, డానా డెలొరెంజో, 'జీనా' నాయిక లూసీ లాలెస్ తోడుగా నటించారు. యాష్ తండ్రిగా లీ మేజర్స్ వచ్చాడు.

మూడు సీజన్లు, 30 ఎపిసోడ్లు పూర్తయ్యాక 2018 ఏప్రిల్‌లో ఇదీ రద్దయింది. తెరమీద యాష్‌గా ఇక కనిపించనని క్యాంప్‌బెల్ అప్పుడే ప్రకటించాడు. 'ఈవిల్ డెడ్ రైజ్' (2023)లో నిర్మాణ బాధ్యతతో పాటు గ్రామఫోన్ రికార్డులోంచి వినిపించే గొంతుగా మాత్రమే ఉన్నాడు. 2024లో పీకాక్ వేదికపై వచ్చిన 'హిస్టీరియా!'లో 1980ల నాటి మిషిగన్ ఊరి పోలీసు అధికారిగా నటించాడు. 

అంచనా

క్యాంప్‌బెల్‌ను గొప్ప నటుల వరుసలో చేర్చడానికి 'ఈవిల్ డెడ్ 2', 'బబ్బా హో-టెప్' మినహా ఆధారాలు తక్కువ. అతని ప్రత్యేకత మరోచోట ఉంది. మూకీల కాలం నాటి శారీరక హాస్యాన్ని రక్తసిక్తమైన భయానక చిత్రాల్లోకి తెచ్చి, భయపడుతూనే నవ్వే వీలు కల్పించాడు. తన డాంబికాన్ని తానే నమ్మి బోర్లాపడే యాష్ తరహా హీరో ఆ తర్వాత హారర్ కామెడీల్లో తరచూ కనిపించే రకమయ్యాడు. సీరియళ్లు రద్దయిన ప్రతిసారీ నేరం నటుడిది కాదు. ప్రసార వేళ, పంపిణీ పద్ధతి, హక్కుల చిక్కులు కూడా వాటిని దెబ్బతీశాయి.

కొత్తగా చూడదలచినవారు 'ఈవిల్ డెడ్ 2'తో మొదలుపెట్టడం మేలు. మొదటి భాగం కథ అందులో క్లుప్తంగా ఉంటుంది కాబట్టి వెనక్కి వెళ్లాల్సిన పనిలేదు. రక్తపాతం సరిపడనివారు నేరుగా 'బ్రిస్కో కౌంటీ'కి, ఆ తర్వాత 'బర్న్ నోటీస్'కు వెళ్లవచ్చు. 'బబ్బా హో-టెప్'ను మాత్రం ఎవరూ వదులుకోకూడదు.